మోటారు సైకిలు పెట్టెలు, వీపు దన్ను విప్పుట

మోటారు సైకిలు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల తగిలించిన పెట్టెలను, వెనుక కూర్చుండువారు ఆనుకొనుటకై బిగించిన దన్నును ఇంటివద్దనే విప్పుకొనుటను గురించి నేడు ముచ్చటింపదలచితిమి. విషయము చిన్నదే. "నాలుగు బోల్టులు విప్పుటకు రేడియో ప్రసంగము కూడనా?" అని మా మిత్రుడొకడు నవ్వెను. చాల బళ్ళలో ఆ నాలుగింటిలో రెండు వెనుక చక్రపు స్ప్రింగులను కూడ పట్టియుంచునవి. తక్కిన వానిలో ఒకటి చీర చెరగును చక్రమునకు దూరముగ ఉంచునది. అందుచేత, నవ్వినవారు నవ్వినను, బండి గల ఇండ్లవారు కొంచెము చెవి యొగ్గుట మంచిదని మా తలంపు.

ప్రక్క సంచులు మన దేశమునకు క్రొత్తవి కావు. మోటారులు రాకముందు బాటలేని చోట్ల సరకు నడచినది ఎద్దుల వీపుమీదనే. ఎద్దు నడుమునకు ఇరువైపుల వ్రేలాడు జంట సంచిని మనవారు కంట్లమనిరి, పెరిక యనిరి. లంబాడీల ఎడ్ల బారులు సముద్రతీరపు ఉప్పును లోసీమలకు చేర్చినది ఈ సంచులలోనే. ఎద్దుపై బరువు దింపునపుడు ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలువవలెను. ఒక ప్రక్కనే దింపినచో రెండవ ప్రక్క సంచి తన బరువుతో తానే జారి ఎద్దు కాళ్ళకు అడ్డుపడును. ఇంగ్లీషువారు గుఱ్ఱపు జీనుకు తగిలించు సంచి పేరునే మోటారు సైకిలు సంచికిని పెట్టుకొనిరి. పేరు మారినను, వాహనము మారినను, బరువు సంగతి మారలేదు.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్టు బళ్ళను సిద్ధము చేయ నారంభించినది. 1961లో మైసూరులో జావా బళ్ళు తయారగుట మొదలైనది. ఆ బళ్ళమీద పల్లెలు తిరుగు పశువైద్యుని పెట్టెలో సూదులు, మందుబుడ్లు ఉండెడివి. కరెంటు లైనుమనిషి పెట్టెలో తీగచుట్టలు, పింగాణీ గుబ్బలు ఉండెడివి. నేడు పెట్టెలు బిగించుకొనువారిలో లడఖు వరకు పోయివచ్చు యువకులు హెచ్చు. యాత్ర ముగిసిన పిదప ఆ పెట్టెలు బండికే ఉండిపోవును. పెట్టె ఒక్కొక్కటి ప్రక్కకు జానెడు పొడుచుకొని వచ్చును. హ్యాండిలు దూరిన సందులో పెట్టె దూరదు. గేటు కమ్మికి ఒకసారి, ప్రక్కనున్న కారునకు ఒకసారి తగిలిన పిమ్మట విప్పివేయవలెనను బుద్ధి పుట్టును. అది మంచి బుద్ధియే. ఖాళీ పెట్టెలను మోసుకొని దినదినము కచేరీకి పోవుటలో అర్థము లేదు.

పానా చేతబట్టుటకు ముందు ఒక పావుగంట ఊరక చూడవలెను. ఏది దేనిని పట్టియున్నదో తెలియనిదే ఏ మరను కదలింపరాదు. ఈ సామగ్రి ముఖ్యముగ మూడు విధములుగ ఉండును. మొదటిది తోలు సంచి, లేక గుడ్డ సంచి. సీటు క్రిందుగ పట్టీ పోయి ఇరువైపుల వ్రేలాడుచుండును. సీటు ఎత్తి, బకిలీలు విప్పిన చాలును. రెండవది అమెరికా దేశపు పెద్ద బళ్ళలో కనబడునది. హార్లీ డేవిడ్‌సన్ వారి దూరప్రయాణపు బళ్ళలో గట్టి పెట్టె మూత తెరచి చూచిన, లోపల తీగ పిడులు గల రెండు మరలుండును. పిడిని లేపి పావుచుట్టు త్రిప్పిన అవి వదలివేయును, పెట్టె చేతికి వచ్చును. విమానపు ఇంజను రేకులకు వాడు కీలకమువంటిదే ఇది. ఆ బళ్ళ వీపు దన్నుకును గొళ్ళెమువంటి పట్టు ఉండును. గొళ్ళెము తీసి వెనుకకు జరిపి పైకెత్తిన అదియును వచ్చును. ఏ పనిముట్టును అక్కరలేదు. ఇట్టి బండి గలవారికి మా ప్రసంగముతో పని తక్కువ. పిడిని తిరిగి బిగించునపుడు అది పూర్తిగ కూర్చున్నదా అని పెట్టెను పట్టి ఊపి చూడవలెనని మాత్రము చెప్పి వారిని విడిచెదము.

మూడవ విధము మనది. బజారులో కొని, ఎవరో మెకానిక్కు తోచినట్లు బిగించినది. ఇనుప పట్టెడలను బండి చట్రమునకు ఎచ్చట బోల్టు దొరికిన అచ్చట కలిపి బిగించుదురు. ఒక కొస వెనుక స్ప్రింగు పైకొసను పట్టు నట్టునకును, మరియొక కొస మడ్‌గార్డు పట్టెడకును, ఇంకొకటి ఇండికేటరు దీపము మొదటికిని పోవును. ఒక్కొక్క బండిలో ఒక్కొక్క తీరు. అందుచేత చరవాణితో నాలుగు ప్రక్కల బొమ్మలు తీసికొనవలెను. మా చిన్ననాట మెకానిక్కులు సుద్దముక్కతో గుర్తులు పెట్టెడివారు. ఫొటో అంతకంటె మేలు, చెరగదు గదా.

బండిని చదునైన గచ్చుమీద నడిమి స్టాండుపై నిలుపవలెను. ప్రక్క స్టాండు మాత్రమే గల బండియైనచో స్టాండు క్రింద చెక్కపలక వేసి, గేరులో ఉంచి, వేరొక మనిషిని హ్యాండిలు పట్టుకొమ్మనవలెను. మొదట పెట్టెలలోని సామాను అంతయు తీసివేయవలెను. వెనుక బరువు తగ్గుచున్నకొలది నడిమి స్టాండుపై నున్న బండి కొన్ని తీరులలో ముందు చక్రముపైకి వ్రాలును. అట్లు వ్రాలినపుడు పిల్లలు ముందర నిలిచి యుండరాదు. ఇంజను, పొగగొట్టము చల్లారువరకు ఆగవలెను. కుడి పెట్టె బోల్టుల కొరకు వంగినపుడు మోచేయి ఆనునది సామాన్యముగ పొగగొట్టముపైననే. దన్నునకు గాని, పెట్టెకు గాని ఎఱ్ఱ దీపము అమర్చియున్నచో బ్యాటరీ నెగటివు తీగను ముందుగ విడదీయవలెను. తీగను లాగి తెంపుట మెకానిక్కుల పద్ధతి. మనము దాని అతుకు ఎచ్చటనో వెదకి విప్పుదము.

ఇక పనిముట్లు. 10, 12, 13, 14, 17 మిల్లీమీటర్ల పానాలు, ఆరుమూలల గుంట బోల్టులకు ఆలెన్ కీలు, ఒక స్క్రూడ్రైవరు, పాత గుడ్డలు. పాత బుల్లెట్టు బళ్ళలో ఇంగ్లీషు కొలతల మరలుండును. మిల్లీమీటర్ల పానా వానిపై ఇంచుమించుగ కూర్చుండును గాని పట్టదు. రెండుసార్లు జారినచో బోల్టు మూలలు గుండ్రనగును, అటుపిమ్మట ఏ పానాయును పట్టదు. నోరు తెరచిన పానా బోల్టును రెండు ప్రక్కలనే పట్టును. రింగు పానా ఆరు మూలలను పట్టును. బిగిసిన బోల్టునకు రింగు పానాయే వాడవలెను. ఆలెన్ కీ పెట్టుటకు ముందు గుంటలోని మట్టిని దబ్బనముతో గోకి తీయవలెను. మట్టిపైన కూర్చున్న కీ పైపైన పట్టి, లోపలి మూలలను అరగదీయును.

రెండు వానకాలములు చూచిన బోల్టు సులభముగ కదలదు. ఇచ్చట తొందర పనికిరాదు. తీగ బ్రష్షుతో తుప్పు దులిపి, మర మొదట చొచ్చుకొనిపోవు నూనె కొట్టి, రాత్రియంతయు విడువవలెను. 1953లో అమెరికాలో ఒక చిన్న సంస్థ క్షిపణుల లోహపు పైతొడుగునకు నీరు తగులకుండ ఒక ద్రవము కొరకు ప్రయత్నించి, నలుబదియవ ప్రయత్నమున సఫలమైనది. డబ్ల్యూడీ-40 అను పేరులోని 40 ఆ లెక్కయే. నేడది మన మెకానిక్కు దుకాణములన్నిటిలోను కనబడును. అది లేనిచోట కిరసనాయిలు వాడుదురు. పనిచేయును గాని నిప్పునకు దూరముగ ఉండవలెను. తెల్లవారిన పిమ్మట బోల్టును విప్పు దిశకు బలముగ నొక్కుటకు ముందు, రవ్వంత బిగించు దిశకు కదలింపవలెను. తుప్పు పట్టు వదలునది తరచుగ అప్పుడే. కదలినదని తెలియగానే వెనుకకు త్రిప్పవలెను. పావుచుట్టు విప్పి, అరపావు బిగించి, మరల నూనె చుక్క వేసి విప్పవలెను. ఇట్లు చేసిన బోల్టు ఆలస్యముగ వచ్చును గాని మొత్తముగ వచ్చును. బలముపట్టి విరుగగొట్టిన బోల్టు సగము లోపలనే ఉండిపోయి, దానిని తొలిచి తీయుటకు లేతుపనివాని ఇంటికి నడువవలసి వచ్చును. కొందరు మంటతో వేడి చేయుదురు. పెట్రోలు తొట్టి జానెడు దూరములో నున్న చోట మంట పెట్టు ధైర్యమును మేము మెచ్చుకొనజాలము. మరగిన నీళ్ళు పోసినను లోహము కొంత వ్యాకోచించును. అంతతో చాలించుకొనవలెను.

బోల్టులు కదలిన పిమ్మట ఒక్క పెట్టె బోల్టులన్నియు సడలించి, పూర్తిగ తీయక, రెండవ మనిషి పెట్టె అడుగున చేయి పెట్టిన తరువాత తుది బోల్టు లాగవలెను. ఒంటరిగ చేయువారు పెట్టె క్రింద ఇటుకలు పేర్చి, పైన గోనెపట్టా మడిచి పెట్టుకొనవచ్చును. పట్టెడ స్ప్రింగు నట్టునకు కలిసియున్నచోట ఇంకను జాగ్రత్త వలయును. నడిమి స్టాండుపై వెనుక చక్రము గాలిలో నుండగ స్ప్రింగుమీద మనిషి బరువు లేదు, నట్టు విప్పవచ్చును. కాని ఒక ప్రక్క పట్టెడ తీసి, ఆ నట్టును తిరిగి బిగించిన పిమ్మటనే రెండవ ప్రక్కకు పోవలెను. రెండు ప్రక్కల నట్లు ఒక్కసారి తీసినచో వెనుక చక్రము క్రిందికి దిగిపోయి, మరల రంధ్రములు కలుపుటకు ముగ్గురు మనుష్యులు కావలసి వచ్చును.

ఇంతవరకు ఇనుము సంగతి. ఇక మనిషి సంగతి. మా వీధిలో ఒక మాష్టారుగారుండిరి. వారి బుల్లెట్టునకు ఇరువైపుల ఇనుప పెట్టెలు, వెనుక మెత్త వేసిన దన్ను ఉండెడివి. భార్యకు మోకాలి చికిత్స జరిగిన ఏట ఆ దన్ను బిగించిరని వినియున్నాము. వారు పోయిన పిమ్మట బండి కుమారుని చేతికి వచ్చినది. అతని ఉద్యోగము పట్టణపు ఇరుకు సందులలో. పెట్టెలును, దన్నును తీసివేయదలచి ఒక ఆదివారము మమ్ములను సాయము పిలిచెను. తల్లిగారు గుమ్మములో కూర్చుండి చూచుచుండిరి.

"తీసెయ్యి నాయనా, నాకేం అడ్డు లేదు. కానీ నేను దేన్ని పట్టుకోవాలి?" అని ఆమె అడిగిరి.

"నన్ను పట్టుకో అమ్మా."

"నువ్వు బ్రేకు వేస్తే నువ్వూ ముందుకే పోతావు గదరా!"

కుమారుడు నవ్వెను గాని పానా క్రింద పెట్టెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట అంత సులువు కాదు. దీనిని వీపు దన్ను అందుము గాని, ఎడమవైపునకు ముఖము పెట్టి ఒకప్రక్కగ కూర్చుండు స్త్రీకి అది వీపునకు ఆనదు. బండి వెనుకభాగము ఆమెకు ఎడమచేతి వైపున ఉండును. దన్ను ఆమె ఎడమ మోచేతికి ఆసరా. కుడిచేయి నడుపువాని భుజముపై, ఎడమచేయి దన్ను మొదటనున్న కడ్డీపై ఉంచి ఆమె గతుకులు కాచుకొనును. బండి ముందుకు దూకినపుడు ఆమెను నిలుపునది ఆ కడ్డీయే. నడుపువానికి ఈ సంగతి తెలియదు. అతడెన్నడును తన వెనుక కూర్చుండి చూడలేదు గదా! మా దృష్టిలో దన్ను ఉంచవలెనో తీయవలెనో నిర్ణయింపవలసినవారు వెనుక కూర్చుండువారు. నడుపువాడు పానా పట్టుకొనువాడు మాత్రమే.

ఆ బండి దన్నును పరికించి చూడగ, అది రెండు ముక్కలని తెలిసినది. మెత్తయును, నిలువు ఊచలును ఒక ముక్క. సీటు చుట్టు వంగిన కడ్డీ వేరొక ముక్క. రెండింటిని నాలుగు చిన్న బోల్టులు కలుపుచున్నవి. పై ముక్కను తీసి కడ్డీని ఉంచివేసితిమి. ఆమె వచ్చి సీటుపై కూర్చుండి, కడ్డీ పట్టి చూచి, "ఇది చాలు" అనిరి. అన్ని బళ్ళలోను ఇట్టి వీలుండదు. కొన్నింటిలో దన్ను బిగించుటకై బండితో వచ్చిన కడ్డీనే తీసి పారవేసి యుందురు. అట్టిచోట దన్ను తీసిన మరుక్షణము పట్టుకొనుటకు ఏమియును ఉండదు. పాత కడ్డీ అటుకమీద ఉన్నదేమో మొదట వెదకవలెను, లేకున్న క్రొత్తది కొని తెచ్చిన పిమ్మటనే దన్ను మీద చేయి వేయవలెను.

అసలు చిక్కు ఎడమ పెట్టె తీసినపుడు వచ్చినది. పెట్టె ప్రక్కకు రాగానే వెనుక చక్రపు చువ్వలు నగ్నముగ కనబడినవి. చీర గార్డు లేదు. పెట్టెలు బిగించిన దుకాణమువారు గార్డు అడ్డువచ్చుచున్నదని దాని కాళ్ళు రంపముతో కోసి తీసివేసిరి. కోసిన మొండెములు చట్రమునకు ఇంకను అంటియున్నవి. ఇన్ని ఏండ్లు ఆమె చీరను చక్రమునకు దూరముగ ఉంచినది ఆ పెట్టెయే నని నాడు తెలిసినది. పెట్టె తీసి, సాయంకాలము తల్లిని గుడికి తీసికొనిపోవలెనని అతడు అనుకొనియుండెను.

చీర చెరగు, చున్నీ, పంచె అంచు, ఇవి చువ్వలలో చిక్కిన ఏమగునో మన వార్తాపత్రికలు చదువువారికి చెప్పనక్కరలేదు. చక్రము ఒక్క చుట్టు తిరుగు కాలములో గుడ్డ బిగిసి మనిషిని లాగివేయును, కేక వినబడులోపల అంతయు ముగియును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 123వది ఈ విషయమునే చెప్పుచున్నది. మోటారు సైకిలునకు నడుపువాని సీటు ప్రక్కనో వెనుకనో శాశ్వతమైన చేతిపట్టు ఉండవలెను, కాలు పెట్టుకొనుటకు ఆధారముండవలెను, వెనుక కూర్చుండువారి బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రములో సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణ యుండవలెను. చట్టపుస్తకములలో ఇంత చక్కగ మన ఇండ్లను తలచుకొని వ్రాసిన వాక్యములు అరుదు. నాడు బండి కదలలేదు. గార్డు విడిభాగముల దుకాణములో దొరకుటకును, కోసిన కాళ్ళకు బదులు పట్టెడలు అతికించుటకును మూడు దినములు పట్టినది. ఆ మూడు దినములు ఆమె ఆటోలో తిరిగిరి. పెట్టె అడుగున మాష్టారి వానకోటు, ఒక ప్లగ్గు, సగము వాడిన మోకాలి నొప్పి మందు గొట్టము దొరకినవి. వానకోటును ఆమె దులిపి లోపలికి తీసికొనిపోయిరి.

పసిపిల్లలు గల ఇండ్లవారికి మరియొక మాట. దన్ను ఉన్నదను ధైర్యముతో బిడ్డను వెనుక కూర్చుండబెట్టు అలవాటు కొందరికి గలదు. 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడి, సంవత్సరము తరువాత అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల లోపు బిడ్డకు తలకు సరిపడు హెల్మెట్టు పెట్టి, నడుపువానికి కట్టుకొను పట్టీలను తొడిగి, గంటకు 40 కిలోమీటర్లు మించకుండ పోవలెను. దన్ను ఈ పట్టీలకు బదులు కాదు, తీసివేసినను తీసివేయకున్నను ఈ మాట మారదు.

విప్పుట అయినది. బిగించుట మిగిలియున్నది. పెట్టె పట్టెడ మందము కొరకు మెకానిక్కు పొడుగు బోల్టులు వేసియుండును. పట్టెడ తీసి అదే బోల్టును తిరిగి బిగించినచో, ఆ మందము మేర బోల్టు కొన లోపలికి పొడుచుకొని వచ్చును. మడ్‌గార్డు లోపలి వైపున అది టైరునకు ఎంత దూరములో నున్నదో చూడవలెను. ఖాళీ బండికి తగులని కొన, ఇద్దరు కూర్చుండి గతుకులో పడినపుడు టైరును చీల్చగలదు. బండితో వచ్చిన పొట్టి బోల్టు వేయుటయే సరియైన మార్గము. లోపల నైలాను వలయముగల నట్టులను మరల వాడక క్రొత్తవి వేయవలెను, వాని ధర స్వల్పము. బిగింపు బలమునకు బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము. అది దొరకనిచో, ఉక్కు మరలో ఉక్కు బోల్టునకు, 6 మిల్లీమీటర్ల దానికి సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి సుమారు 25 అని సామాన్యపు లెక్క. ఇంటి భాషలో చెప్పిన, జానెడు పానా కొసన మొదటిదానికి నాలుగైదు కిలోల బరువు, రెండవదానికి పండ్రెండు కిలోల బరువు వ్రేలాడదీసినంత. ఇద్దరు కలిసి పానాపై ఎక్కి నిలుచుట బిగింపు కాదు, మర అరుగుటకు మార్గము. స్ప్రింగు నట్టునకు మాత్రము ఈ లెక్క చాలదు, దాని అంకెను పుస్తకములో గాని, కంపెనీ సర్వీసువారి వద్ద గాని అడిగి తెలిసికొనవలెను.

పట్టెడ క్రింద కొన్ని ఏండ్లు దాగిన రంగు ఒక చందమున, ఎండకు వెలిసిన రంగు ఒక చందమున ఉండును. క్యాలెండరు తీసిన గోడవలె బండి రెండు రంగులుగ కనబడుటకు విచారపడవలదు. విచారపడవలసినది ఆ మచ్చలో తుప్పు ఉన్నదా అని. ఉన్నచో గరుకు కాగితముతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిమ్మట రంగు వేయవలెను. పట్టెడ కొరకు మడ్‌గార్డునకు రంధ్రములు తొలిచియుందురు. వానిని రబ్బరు బిరడాలతో మూయవలెను, లేనిచో చక్రము విసరు బురదనీరు వెనుక దీపపు తీగలకు చేరును. చట్రమునకు అతుకులున్నచోట వేలితో తడిమి, పగులు గీత యున్నదా చూడవలెను. బరువు మోసి మోసి అతుకు విడుట పెట్టెలు గల బళ్ళలో కలదు. గీత కనబడినచో బండి నడుపక వెల్డింగు తెలిసినవానికి చూపవలెను.

బరువు తీసిన బండి నడక కొంచెము మారును. వెనుక స్ప్రింగులు బరువు కొరకు గట్టిగ బిగించియున్నచో, రెండు ప్రక్కల సమానముగ మెట్టు తగ్గించవలెను. టైరు గాలిని ఒక్కరు పోవునపుడు ఎంత, ఇద్దరు పోవునపుడు ఎంత అని బండిమీద అంటించిన కాగితములో వ్రాసియుండును, దానిని చూచి సరిచేయవలెను. బరువుతో వెనుకభాగము దిగియున్నపుడు సరిపరచిన ముందు దీపము, ఇప్పుడు వెనుకభాగము లేచుటచేత దగ్గరి నేలను చూపుచుండును. చీకటి పడిన పిమ్మట గోడ ఎదుట నిలిపి, వెలుగు ఎచ్చట పడుచున్నదో చూచి ఎత్తుకొనవలెను. విడదీసిన తీగలు కలిపి, బ్రేకు దీపము, నాలుగు ఇండికేటర్లు వెలుగుచున్నవా అని వేరొకరిని వెనుక నిలిపి అడుగవలెను.

తీసిన పెట్టెలను తుడిచి, తాళపు రంధ్రములో చుక్క నూనె వేసి, మూత వ్రేలెడు తెరచి ఉంచవలెను. గట్టిగ మూసిన పెట్టె వానకాలములో లోపల బూజు పట్టును. తోలు సంచులైనచో తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టి, లోపల పాత కాగితములు కూరి, ప్లాస్టిక్కు సంచిలో గాక గుడ్డసంచిలో పెట్టవలెను. ఎండలో ఆరిన తోలు పగులును. పొడుగు బోల్టులు, పట్టెడలు, వాషర్లు ఒక డబ్బాలో వేసి, ఏది కుడి ప్రక్కదో, ఏది ఎడమ ప్రక్కదో కాగితముపై వ్రాసి అందులోనే పెట్టి, ఆ డబ్బాను కుడి పెట్టెలో ఉంచవలెను. బండి రెండు మూడు దినములు తిరిగిన పిమ్మట పానాలు మరల తీసి, తిరిగి బిగించిన ప్రతి నట్టును ఒకసారి పట్టి చూడవలెను. చీర గార్డు బోల్టులతో మొదలిడుట మంచిది.